ప్యాకింగ్ థర్మోకోల్‌తో ఎనిమిదడుగుల వ్యోమనౌక: సెట్టింగు కట్టే పద్ధతి

కొత్త ఫ్రిజ్ వచ్చిన ఇంట్లో అట్టపెట్టె అటకెక్కుతుంది, లోపలి థర్మోకోల్ కాలవగట్టు ఎక్కుతుంది. భీమవరం, నరసాపురం వైపు చేపలూ రొయ్యలూ మోసిన ఐసు పెట్టెలైతే, మూత పగిలిన రోజునే రోడ్డు పక్కకి చేరతాయి. చవితి పందిట్లోకో, బడిలో సైన్సు ప్రదర్శనకో చంద్రుడి మీద దిగిన పెద్ద వ్యోమనౌక కట్టడానికి ఈ సరుకు చాలు. కొత్త షీటు ఒక్కటి కూడా కొనక్కర్లేదు.

కాగితం మీద నౌక బొమ్మ గీసేసి, దానికి తగ్గట్టు థర్మోకోల్ కొయ్యడం మొదలుపెడితే పని రెండింతలవుతుంది, చూడ్డానికి మాత్రం కేకు పెట్టెలా ఉంటుంది. టీవీ మూలల్లో పెట్టే దిమ్మల్లో గూళ్లు, మెట్లు, గాడులు ముందే ఉంటాయి. చేత్తో అలాంటివి చెక్కాలంటే రెండు రోజులు పడుతుంది. అందుకే ముందు సరుకు పోగేసి, నేల మీద పరిచి, అటూ ఇటూ తిప్పి చూసి, అప్పుడు నౌకని ఊహించాలి.

కొలత

ఇక్కడ చెప్పే నౌక పొడవు 2.4 మీటర్లు, అంటే దాదాపు 8 అడుగులు. వెడల్పు 60 సెం.మీ., ఎత్తు 50 సెం.మీ. స్కేలు 1:20. అసలు నౌక 48 మీటర్లుంటుందన్న లెక్క. మన ఎల్‌వీఎం-3 రాకెట్ ఎత్తు 43.5 మీటర్లు కాబట్టి, అంతకన్నా కాస్త పెద్ద సరుకుల నౌక అనుకోండి.

స్కేలు ఒకటి పట్టుకున్నాక వదలకూడదు. 1:20లో మనిషి ఎనిమిదిన్నర సెంటీమీటర్లు, తలుపు 10, చేతిపట్టు కమ్మీ 5.5, నిచ్చెన మెట్ల మధ్య ఎడం ఒకటిన్నర. చూసేవాడి కన్ను ముందు తలుపునీ నిచ్చెననీ వెతుక్కుంటుంది. అవి తప్పితే ఎనిమిదడుగుల నౌక కూడా ఆటబొమ్మే. పక్కన చంద్రయాన్-3లో చంద్రుడి మీద దిగిన విక్రమ్ ల్యాండర్ బొమ్మ ఒకటి పెడితే పరిమాణం ఇట్టే తెలుస్తుంది. అసలుది 2 మీటర్లు × 2 మీటర్లు × 1.16 మీటర్లు. మన స్కేల్లో 10 × 10 × 5.8 సెం.మీ., ఒక మిఠాయి డబ్బా అంత.

సరుకు ఏరడం

చేతిలోకి వచ్చిన తెల్ల ముక్కలన్నీ ఒకటి కాదు. విరిస్తే టక్కున విరిగి పూసలు రాలేది థర్మోకోల్. విరవబోతే వంగి మళ్లీ యథాస్థానానికి వచ్చే మెత్తటి ఫోము వేరే జాతి, పాలిథిలీన్ ఫోము. దాని మీద ఫెవికాల్ పట్టదు, పుట్టీ నిలవదు. పెచ్చులూడిపోతుంది. దాన్ని పైపులకీ, వంపు తిరిగిన పట్టీలకీ వాడుకోండి, గ్లూ గన్‌తో అంటించండి. రెండు రకాల్నీ ఒకే కుప్పలో వేస్తే పుట్టీ దశలో ఏడవాల్సి వస్తుంది.

నౌక పై వైశాల్యం సుమారు 6 చదరపు మీటర్లు. గోడ మందం 5 సెం.మీ. కావాలి. రెండడుగుల పొడవున్న ఐసు పెట్టెని విప్పదీస్తే మూతతో కలిపి దాదాపు ఒక చదరపు మీటరు వస్తుంది, మందం సుమారు రెండున్నర సెం.మీ. రెండేసి పొరలు అంటించాలి కాబట్టి 12 పెట్టెలు, తరుగు కలిపి 15. వీటితో ఒళ్లు కట్టండి. టీవీ, ఫ్రిజ్, వాషింగ్ మెషీన్ దిమ్మలు పైన యంత్రాలకి.

దిమ్మలు ఏరేటప్పుడు జతలు చూడండి. ప్యాకింగులో కుడి దిమ్మ, ఎడమ దిమ్మ అద్దంలో ప్రతిబింబాల్లా ఉంటాయి. నౌకకి కావలసిందీ అదే. షాపు వెనక పడేసిన వాటిలో ఒక్కదాన్నే పట్టుకొచ్చి, రెండోది వదిలేస్తే తర్వాత దొరకదు. ఒకే మోడల్ టీవీ ప్యాకింగులు రెండు దొరికితే ఇంజిన్లు నాలుగూ ఒకేలా వస్తాయి.

రొయ్యల పెట్టెలకి కడుగుడు తప్పదు. పూసల మధ్య సందుల్లో నీచు నీళ్లు ఇంకి ఉంటాయి. పైన సబ్బుతో తోమితే ఆ రోజుకి వాసన పోతుంది, పూత వేసిన వారానికి మళ్లీ లేస్తుంది. 20 లీటర్ల నీళ్లలో రెండు చెంచాల బ్లీచింగ్ పౌడరు కలిపి, పెట్టెల మీద బరువు పెట్టి రాత్రంతా నానబెట్టండి. మంచినీళ్లతో కడిగి రెండు రోజులు ఎండలో నిలబెట్టండి. ఇది ఎగ్గొడితే నౌకలో మొదటి ప్రయాణికులు పిల్లులు.

కోత

కింద పాత ఫ్లెక్సీ పరుచుకుని కూర్చోండి. పూసలు గాలికి లేచి కాలవలో పడ్డాయంటే సముద్రం దాకా ఆగవు. ఫ్లెక్సీ మీద తడిగుడ్డ ఒకటి ఉంచుకుంటే కరెంటు పట్టిన పూసలు దానికి అంటుకుంటాయి. సాయంత్రం నాలుగు అంచులూ కలిపి మూట కట్టెయ్యండి, అవి నేల తయారీకి పనికొస్తాయి.

తిన్నని కోతలకి వేడి తీగ విల్లు కావాలి. 0.4 మి.మీ. నైక్రోమ్ తీగ 80 సెం.మీ., వెదురు బద్దతో విల్లు, ఎల్‌ఈడీ స్ట్రిప్పులకి వాడే 12 వోల్టుల, 5 ఆంపియర్ల అడాప్టరు. ఆ పొడవుకి నిరోధం సుమారు 7 ఓమ్‌లు, కరెంటు 1.7 ఆంపియర్లు. థర్మోకోల్‌కి సరిపోయే వేడి. అదే అడాప్టరుకి 40 సెం.మీ. తీగ కడితే కరెంటు రెట్టింపై తీగ ఎర్రబడుతుంది. ఎర్రబడ్డ తీగ కొయ్యదు, కరిగించుకుంటూ పోతుంది. 2 మి.మీ. గీత బదులు వేలు దూరేంత గాడి పడుతుంది, పొగ లేస్తుంది. ఇంట్లో 230 వోల్టుల ప్లగ్గుకి నేరుగా ఈ తీగ కలపడమంటే ప్రాణం మీదికి తెచ్చుకోవడమే.

వేడెక్కితే తీగ సాగుతుంది. విల్లుకి ఒక చివర చిన్న స్ప్రింగు పెట్టకపోతే తీగ జారి, నడిమి భాగం వెనకబడి, కోత అరటిదొప్పలా వంపు తిరుగుతుంది. తొందరపడి లాగినా అదే జరుగుతుంది. దిమ్మకి రెండు పక్కలా అట్ట మూసలు గుచ్చి, వాటి మీద ఒకటి, రెండు, మూడు అని గీతలు పెట్టుకోండి. ఇద్దరు మనుషులు అంకెలు చదువుతూ లాగితే ముక్కు భాగం వంపు సమానంగా వస్తుంది. ఈ పని వరండాలోనో చెట్టు కిందో చెయ్యండి. ఆ ఆవిరి తలనొప్పి తెస్తుంది.

చిన్న కోతలకి పెద్ద కట్టరు చాలు. బ్లేడుని నిలువుగా పొడవకుండా, బాగా వాల్చి, పొడుగ్గా లాగాలి. పూసలు తెగుతుంటే చప్పుడు మెత్తగా ఉంటుంది. కర్రుమని అరిచిందంటే బ్లేడు మొద్దుబారి పూసల్ని పీకుతోందని. వెంటనే ముక్క విరిచి కొత్త అంచు తీసుకోండి.

వెన్నుకర్ర

థర్మోకోల్ బరువు మొత్తం 6 కిలోలు దాటదు. బట్ట, జిగురు, పుట్టీ, చెక్క కలిపాక నౌక 27, 30 కిలోలు తూగుతుంది. అంటే బరువంతా చర్మంలోనే ఉంటుంది, దాన్ని మోసేది చెక్క. 2 × 1 అంగుళాల రీపర్లు రెండు, అంచు మీద నిలబెట్టి, జానెడు ఎడంతో నౌక పొడవునా వేయండి. పీవీసీ గొట్టం తేలికని మోజుపడకండి, ఎండకి కుంగుతుంది.

నౌకని మూడు ముక్కలుగా కట్టాలి: ముక్కు రెండున్నర అడుగులు, నడుము 3, తోక రెండున్నర. ఇంటి తలుపులు, పుంతరోడ్డు మలుపులు, వీధిలో కిందికి వేలాడే కరెంటు తీగలు, అన్నిటికీ అదే మందు. ముక్కల మధ్య రీపర్లు అడుగు మేర ఒకదాని పక్కన ఒకటి వచ్చేలా పెట్టి, రెండేసి బోల్టులు, చేత్తో తిప్పే వింగ్ నట్లు వెయ్యండి. అతుకు కనిపించకుండా పుట్టీ పెట్టి మూసే ప్రయత్నం వద్దు, మొదటి ప్రయాణంలోనే చీలుతుంది. అతుకు దగ్గర 5 సెం.మీ. వెడల్పు ఉబ్బెత్తు పట్టీ చుట్టూ తిప్పితే అది నౌకకి నడికట్టులా కనిపిస్తుంది, సందు దాని నీడలో పోతుంది.

కాళ్లు నాలుగు, నడుము ముక్కకి రెండు, తోకకి రెండు. కాళ్లలో సరుగుడు కర్ర ఉండాలి. అది పైన రీపరుకీ కింద పీఠం ప్లైవుడ్‌కీ స్క్రూతో బిగిసి ఉండాలి. థర్మోకోల్ దాని చుట్టూ అలంకారమే. ఉత్త థర్మోకోల్ కాలు మొదటి రోజు నిలబడుతుంది, మూడో రోజుకి నౌక ఓ పక్కకి ఒరుగుతుంది.

బైండింగ్ వైరు, మామూలు మేకులు లోపల వాడకండి. మన గాలిలో తేమకి అవి తుప్పు పట్టి, తెల్ల పుట్టీ మీద వారంలో గోధుమ రంగు మరకలు తేలతాయి. ఎన్ని పూతలు వేసినా మళ్లీ పైకి వస్తాయి. జీఐ (జింకు పూత పూసిన ఇనుము) తీగ, జీఐ స్క్రూలు, లేకపోతే నైలాన్ తాడు వాడండి.

అతకడం

పెట్రోలు, థిన్నరు, అసిటోను, పీవీసీ సొల్యూషన్, చెప్పులకీ రెగ్జిన్‌కీ వాడే ఘాటు వాసన జిగుర్లు, ఇవన్నీ థర్మోకోల్‌ని తినేస్తాయి. డబ్బా మీద ఏం రాసున్నా, పారేసే ముక్క మీద చుక్క వేసి పది నిమిషాలు చూడండి. గుంట పడితే ఆ డబ్బా పక్కన పెట్టండి.

ఫెవికాల్ సురక్షితం కానీ దానికి గాలి కావాలి. రెండు వెడల్పు పలకల మధ్య దట్టంగా పూస్తే అంచులు ఆరి లోపలిది పెరుగులా అలాగే ఉంటుంది. శ్రావణ, భాద్రపదాల్లో అయితే నాలుగో రోజుకీ జారుతుంది. రెండు ముఖాలకీ పల్చగా, చారలు చారలుగా రాసి, వేలికి బంక తగిలేదాకా ఆరనిచ్చి, అప్పుడు కలపండి. కదలకుండా కొబ్బరి ఈనెలు ఏటవాలుగా, ఒకదానికొకటి అడ్డంగా గుచ్చండి. జానెడుకి రెండు చొప్పున గుచ్చి లోపలే వదిలెయ్యండి. కోనసీమలో వీటికి కరువు లేదు, వెదురు పుల్లల కన్నా ఇవే బాగా వంగి పట్టుకుంటాయి.

గ్లూ గన్ వాడితే జిగురుని ముందు చెక్క మీదో అట్ట మీదో వేసి, నాలుగైదు సెకన్లు చల్లారాక థర్మోకోల్‌కి తాకించండి. నేరుగా వేస్తే గుంట చేసుకుని లోపలికి పోతుంది.

చర్మం

నౌక బాగుందా లేదా తేలేది ఇక్కడే. థర్మోకోల్ పూస 3 మి.మీ. ఉంటే మన స్కేల్లో అది 6 సెం.మీ. బొడిపె. లోహపు నౌక ఒళ్లంతా పిడికిలంత బొడిపెలు కనిపిస్తే ఎంత రంగు వేసినా థర్మోకోలేనని తెలిసిపోతుంది.

ముందు చెక్క దిమ్మకి చుట్టిన 80 నంబరు గరుకు కాగితంతో, తర్వాత 120తో, ఒకే దిశలో తేలిగ్గా రుద్దండి. నొక్కి రుద్దితే పూసలు లేస్తాయి. లేచిన గుంతల్లో పుట్టీ నింపి ఆరనివ్వండి.

తర్వాత బట్ట. పాత నూలు పంచెల్ని, లుంగీల్ని అరచేతి వెడల్పు పీలికలుగా చింపండి. పాలియెస్టర్ చీర పనికిరాదు, జిగురు తాగదు. ఫెవికాల్, నీళ్లు సమానంగా కలిపి, పీలికని ముంచి, వేళ్ల మధ్య పిండి, ముక్కు నుంచి తోక వైపుగా పరచండి. ఒక్కో పీలిక పక్కదాని మీదికి రెండు వేళ్లు ఎక్కాలి. బొటనవేలితో మధ్య నుంచి అంచుకి నొక్కుతూ గాలి బయటకి తొయ్యండి. కింద బుడగ మిగిలిన చోట ఆరాక తడితే డొల్ల చప్పుడొస్తుంది. బ్లేడుతో కోసి, జిగురు పోసి మళ్లీ నొక్కాలి. మూలల్లో బట్టకి గంట్లు పెట్టకపోతే అది లోపలి మూలని ఎత్తుకుని తివాచీలా లేస్తుంది. మొత్తం నౌకకి 2 కిలోల ఫెవికాల్ పడుతుంది. ఎండాకాలం ఒక రోజు, వానాకాలం మూడు రోజులు ఆరనివ్వండి. వాన రోజుల్లో ఫ్యాను పెట్టకపోతే నాలుగో రోజుకి బూజు నల్లగా కనిపిస్తుంది.

మైదా జిగురు చవకే, కానీ చీమలు, బొద్దింకలు, ఎలుకలు మూడూ వస్తాయి. అందులో మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదన్నది నిజమేగానీ అది విషం. పిల్లలు చేతులు పెట్టే పనికి వద్దు.

బట్ట పూర్తిగా ఆరాక పుట్టీ. గోడలకి వేసే తెల్ల సిమెంటు పుట్టీ కిలోకి 350 మి.లీ. నీళ్లు, 100 గ్రాముల ఫెవికాల్. మొత్తం 12 కిలోల పొడి పడుతుంది, కానీ ఒకసారి కిలోకి మించి కలపకండి, గిన్నెలోనే బిగుస్తుంది. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ వెయ్యాలని చాలామందికి ఉంటుంది. అది గట్టిగా, పెళుసుగా ఉంటుంది, కింద థర్మోకోల్ కొద్దిగా వంగినా పలుగుతుంది. పుట్టీ కూడా ఒకే దెబ్బకి మందంగా వేస్తే ఎండిన చెరువు మట్టిలా నెర్రెలిస్తుంది. ముప్పావు మిల్లీమీటరు చొప్పున రెండుసార్లు వేసి, మధ్యలో 120, చివర 220 కాగితంతో రుద్దండి. మూతికి గుడ్డ కట్టుకోవడం కాదు, మాస్కు పెట్టుకోండి.

పలకల గీతలు ఇప్పుడే పడాలి. థర్మోకోల్ మీద ముందే గీస్తే పుట్టీ కింద పూడిపోతాయి. రెండో పూత వేసిన కాసేపటికి, వేలితో నొక్కితే గుర్తు పడి అంటుకోని దశలో, ఇంకు అయిపోయిన బాల్‌పెన్నుతో స్కేలు పెట్టి గీయండి. 5 × 10 సెం.మీ. పలక అంటే అసలు నౌకలో మీటరు × రెండు మీటర్ల రేకు. అన్నీ ఒకే కొలతైతే గచ్చు నేలలా ఉంటుంది. కొన్ని రెండేసి కలిపి పెద్దవి చెయ్యండి, కొన్నిటి మీద మందుల డబ్బాల అట్ట ముక్కలు అంటించి ఎత్తు తేడా తీసుకురండి.

యంత్రాలు

టీవీ దిమ్మల గూళ్లలో నర్సరీ ట్రేలు (కడియం చుట్టుపక్కల పాతవి దొరుకుతాయి), సీసా మూతలు, వాడేసిన పెన్నులు, పాడైన రిమోటు లోపలి ముక్కలు. ఇవన్నీ ఒళ్లంతా సమానంగా చల్లకండి. ఇంజిన్ల చుట్టూ, కాళ్ల మొదట్లో, అతుకు పట్టీల దగ్గర గుంపులుగా పెట్టి, మిగతా ఒళ్లు ఖాళీగా వదలండి. ఖాళీ ఉంటేనే గుంపు కనిపిస్తుంది.

రంగు

నీళ్ల ప్రైమరు ఒక పూత, బయట గోడలకి వేసే ఎమల్షన్ రెండు పూతలు. తెలుపులో నల్ల స్టెయినరు, చిటికెడు నీలం కలిపి లేత బూడిద. స్ప్రే డబ్బా రంగు చివర్లో ముద్దొస్తుంది కానీ, పుట్టీలో సూదిమొన అంత రంధ్రమున్నా దాని ద్రావకం లోపలికి దిగి థర్మోకోల్‌ని తినేస్తుంది. పైకి ఏమీ కనిపించదు, మర్నాడు వేలు పెడితే లోపల గుల్ల.

పాతబడ్డట్టు చెయ్యడానికి ముదురు బూడిద రంగుని నీళ్లలా పల్చన చేసి గీతల్లోకి పారించి, పైపైన తుడవండి. ఆరాక దాదాపు పొడిగా ఉన్న బ్రష్షుతో లేత రంగు అంచులకి తాకించండి. నాలుగు మరకలు చాలు. చంద్రుడి మీద వాన లేదు, తుప్పు లేదు. ఇటుక రంగు చారలు పైనుంచి కిందికి కారినట్టు దించితే అది ఓడరేవులో పడవ అవుతుంది.

చంద్రుడి నేల

పీఠం 8 × 4 అడుగుల 12 మి.మీ. ప్లైవుడ్‌లు మూడు, పక్కపక్కన పెడితే 12 × 8. ఏ ప్లై మీద నేల ఆ ప్లై మీదే కట్టండి, అతుకులు గుంతల అంచుల్లో దాచండి. కింద 7.5 సెం.మీ. మందాన థర్మోకోల్ పరిచి గుంతలు తొలవండి.

చిన్న గుంత వెడల్పులో అయిదో వంతు లోతుంటుంది. 30 సెం.మీ. గుంతకి 6 సెం.మీ. అన్నమాట. చుట్టూ గట్టు తప్పకుండా లేవాలి, లేకపోతే అది ఏటి ఒడ్డున పిల్లలు తవ్విన గొయ్యి. పెద్దవి రెండు మూడు, మధ్యవి పది, చిన్నవి లెక్క పెట్టకుండా. ఒకదాని మీద ఒకటి పడినప్పుడు కొత్తది పాతదాని గట్టుని కోసుకుంటూ పోవాలి.

రంగు దగ్గర అందరూ పొరపడతారు. రాత్రి ఆకాశంలో తెల్లగా మెరుస్తుంది గనక నేల కూడా సున్నంలా వేస్తారు. చంద్రుడి నేల తన మీద పడిన వెలుగులో సుమారు 12 శాతమే వెనక్కి పంపుతుంది, అంటే పాత తారురోడ్డు రంగు. మన రైసు మిల్లుల ఊక బూడిద దానికి అచ్చుగుద్దినట్టు సరిపోతుంది. సన్న జల్లెడ పట్టి, మరీ నల్లగా ఉంటే పుట్టీ పొడి కొద్దిగా కలపండి. నేల మీద తెల్ల జిగురు పూసి, జల్లెడతోనే పైనుంచి చల్లండి. ఆరాక ఒకపాలు ఫెవికాల్, మూడుపాళ్లు నీళ్లు కలిపి స్ప్రే సీసాతో దూరం నుంచి కొట్టండి. దగ్గర్నుంచి కొడితే బూడిద లేచి గుంటలు పడుతుంది. ఊక బూడిదలో సిలికా ఎక్కువ, ఇక్కడా మాస్కు ఉండాల్సిందే.

మూటలో దాచిన పూసల్ని పుట్టీలో కలిపి ముద్దలు చేస్తే రాళ్లవుతాయి.

విక్రమ్ బొమ్మ పెట్టిన చోట ఒక ముచ్చట. 2023 ఆగస్టు 23న అది దిగినప్పుడు ఇంజిన్ల ధాటికి దుమ్ము లేచి, చుట్టూ 108.4 చదరపు మీటర్ల మేర నేల రంగు మారిందని ఇస్రో లెక్క కట్టింది. 1:20లో అది సుమారు 29 సెం.మీ. వ్యాసార్థం. ఆ మేర బూడిదలో పుట్టీ పొడి కాస్త ఎక్కువ కలిపి చల్లండి. తెలిసినవాడు ఆగి చూస్తాడు.

దీపాలు, నిప్పు

విక్రమ్ దిగిన చోటు దక్షిణాన సుమారు 69 డిగ్రీల అక్షాంశం. అక్కడ సూర్యుడు దిగంతం మీద 20 డిగ్రీలకి అటూ ఇటూగా మించి లేవడు. గాలి లేదు గనక నీడలు కత్తితో కోసినట్టుంటాయి. కాబట్టి ఒక్కటే గట్టి ఎల్‌ఈడీ ఫోకస్ లైటు, నౌకకి 8 అడుగుల దూరంలో, నేలకన్నా 3 అడుగుల ఎత్తులో. మిగతా లైట్లు, రంగురంగుల సీరియల్ బల్బులు ఆ చుట్టుపక్కల కట్టనివ్వకండి. కమిటీ పెద్దలతో ఈ ఒక్క విషయంలో గట్టిగా ఉండాలి. వెనక నల్లబట్ట చాలు, నక్షత్రాలు అక్కర్లేదు. ఎండపడిన నేల వెలుగులో అవి కనిపించవు.

కిటికీల వెనక 12 వోల్టుల స్ట్రిప్పు 5 మీటర్లు, ముందు బటర్ పేపరు. మీటరుకి 4.8 వాట్ల రకమైతే మొత్తం 2 ఆంపియర్లు, వేడి తీగకి కొన్న అడాప్టరే సరిపోతుంది. ఫిలమెంటు బల్బు, హాలోజన్ లోపల పెట్టకండి.

థర్మోకోల్ అంటుకుంటే కరిగి మండుతూ చుక్కలుగా కారుతుంది. పుట్టీ పొర కొంత ఆపుతుంది, పూర్తిగా ఆపదు. హారతి, అఖండదీపం, సాంబ్రాణి నౌకకి కనీసం 10 అడుగుల దూరంలో ఉండాలి, చుట్టూ తాడు కట్టాలి, పక్కన రెండు బకెట్ల ఇసుక ఉండాలి. బాణసంచా ఊరేగింపులో దీన్ని ట్రాక్టరు మీద తిప్పుదామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి.

ఆరుబయటైతే పైన టార్పాలిన్, పీఠం నాలుగు మూలలా ఇసుక బస్తాలు. 8 అడుగుల తేలిక వస్తువు గాలికి తెరచాప. ఈదురుగాలి మొదలయ్యే సూచన ఉంటే ముక్కు, తోక విప్పేసి లోపల పెట్టడం పావుగంట పని.

విప్పాక

పుట్టీ, బట్ట పట్టిన థర్మోకోల్‌ని పాత సామాన్లవాడు తీసుకోడు. మూడు ముక్కల్నీ విడివిడిగా దాస్తే వచ్చే ఏడు రంగు మార్చి వాడుకోవచ్చు. నేల మీద కాకుండా రెండు ఇటుకల ఎత్తున రీపర్ల మీద పెట్టండి, దుప్పటి కప్పండి. ప్లాస్టిక్ షీటు బిగిస్తే లోపల చెమ్మ చేరుతుంది. ఎలుకలు తొలిచేది ఎప్పుడూ తోక వైపు ఇంజిన్ గూళ్ల నుంచే. అక్కడ జాలీ ముక్క అడ్డం కొట్టి, ఆ పక్కని గోడకి ఆనించకుండా మనిషి చూపు పడే వైపు తిప్పి పెట్టండి.